ముందు ఎదుటివాళ్ల మాట

గోదావరిఖనిలో మాట్లాడుకోవడం అంటే అరుచుకోవడమే. తప్పు పట్టి చెప్పడం కాదు, ఉన్న సంగతి. ముప్పై ఏళ్లు బొగ్గుబాయిలో మిషన్ల పక్కన నిలబడి పనిచేసిన మనిషిని ఇంటికొచ్చాక గుసగుసలాడమంటే ఎలా ఆడతాడు? ఆయన అరుస్తాడు. ఆయనకు వినపడాలని భార్య అరుస్తుంది. వాళ్లిద్దర్నీ చూసి పిల్లలు అరుస్తారు. ఊరికి కొత్తగా వచ్చినవాళ్లు ఏదో కొట్లాట జరుగుతోందని గాభరాగా పరుగెత్తుకొస్తారు. తీరా చూస్తే ఆ మొగుడూ పెళ్లాలు పొద్దున్నే కూర ఏం చెయ్యాలా అని ఆలోచించుకుంటూ ఉంటారు.

అలాంటి ఊళ్లో ఒకావిడ బోర్డు కట్టి, ‘రండి, ఎదుటివాళ్ల మాట వినడం నేర్పిస్తాను’ అంటే జనం నవ్వరా? నవ్వారు. పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. ఆ ఒకావిడే మన హన్నా మేడం.

షాలేము క్రైస్తవ కళాశాలలో ఆవిడ తెలుగు లెక్చరరుగా చేరింది. ఇప్పటికీ కాగితం మీద అసిస్టెంట్ ప్రొఫెసరే. కానీ ఖనిలో కూరగాయలమ్మే అవ్వ నుంచి ఆటో స్టాండు దాకా అందరికీ ఆవిడ ‘ప్రొఫెసరమ్మ’. పదోన్నతి ఇచ్చింది యూనివర్సిటీ కాదు, జనం. ఇక దాన్ని తీసేసే దమ్ము ఎవరికుంది?

ఆవిడ నడిపే కమ్యూనికేషన్ డిపార్టుమెంటు పుట్టుక కూడా ఒక తమాషా. పంతొమ్మిదేళ్ల కిందట కాలేజీ కరస్పాండెంటు గిడియోన్ గారు ఆమెను పిలిచి, "అమ్మా, పిల్లలకు ఇంగ్లీషుల మాట్లాడుడు నేర్పియ్యాలె. తల్లిదండ్రులు అడుగుతున్నరు" అన్నారు. హన్నా మేడం కాసేపు ఆలోచించి, "మాట్లాడుడు మనోళ్లకు కొత్తగా నేర్పియ్యాల్సిన పనిలేదు సార్. వినుడు నేర్పిస్త. అది వస్తే ఏ భాషైనా దాని ఎనక నడిచొస్తది" అంది. గిడియోన్ గారికి అర్థం కాలేదు. అయినా మంచి మనిషి కాబట్టి ప్రార్థనామందిరం వెనక విరిగిన బెంచీలు పడేసే గది ఒకటి ఇచ్చారు. విరిగిన బెంచీలతో సహా ఇచ్చారు.

మొదటి ఏడాది చేరింది నలుగురు. అందులో ఒక పిల్లవాడి తండ్రి వారం తిరక్కుండా వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "ఏంది మేడం, మావోడు ఇంట్ల నోరు మెదుపుతలేడు. ఫీజు కట్టిచ్చుకొని నోరు మూపిస్తున్నరా?" అని నిలదీశాడు. హన్నా మేడం నవ్వి, ఆయన్ను కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, "మీ మాట ఇది: ఫీజు కట్టినం, పిల్లగాడు మాట్లాడుతలేడు, మీకు రంది పట్టుకున్నది. అంతేనా అన్నా?" అంది. ఆయన ఇంకో మాట అనబోయి ఆగిపోయాడు. "అంతే" అన్నాడు. ఆ తరువాత చాయ్ తాగి, ఊళ్లో కష్టసుఖాలన్నీ చెప్పి, గంటన్నర తరువాత వెళ్లాడు. మరుసటేడు తమ్ముడి కొడుకును తెచ్చి ఆయనే చేర్పించాడు.

ఆ గదిలో ఉన్న సూత్రం అదొక్కటే. ఎవరైనా ఒక మాట అంటే, నీ జవాబు తరువాత. ముందు వాళ్లన్నది వాళ్లకు తిరిగి చెప్పాలి. వాళ్లు ‘అంతే’ అనాలి. అప్పుడు నీ వంతు. ‘అంతే’ అనకపోతే మళ్లీ వినాలి, మళ్లీ చెప్పాలి. ఎన్నిసార్లయినా సరే.

ఇది ఆవిడ ఏ పుస్తకంలోనూ చదవలేదు. ఆమె తండ్రి అంద్రెయ బొగ్గుబాయిలో సర్దారు, అంటే కింద పనిచేసే ఒక గుంపుకు పెద్ద. షిఫ్టు మారేటప్పుడు తరువాత వచ్చే సర్దారుకు ఎక్కడ కప్పు గుల్లబారిందో, ఎక్కడ నీళ్లు ఊరుతున్నాయో చెప్పేవాడు. చెప్పి పైకి వచ్చేస్తాడా, రాడు. "నేను చెప్పింది నాకు అప్పజెప్పు. నువ్వు విన్నవో, తలకాయ ఊపినవో నాకేం ఎరుక?" అని అక్కడే నిలబడేవాడు. ఇంటికి పోవాలని తొందరపడే వాళ్లందరూ ఆయన్ను తిట్టుకునేవారు. తిట్టుకుంటూనే ప్రాణాలతో ఇంటికి పోయేవారు. హన్నా చిన్నప్పుడు దుకాణానికి పోవాలన్నా అంతే. తల్లి చెప్పిన సామానంతా తిరిగి ఒప్పజెబితేగాని తండ్రి గడప దాటనిచ్చేవాడు కాదు.

అలా నలుగురు పిల్లలతో మొదలైనది ముందు సర్టిఫికెట్ కోర్సయింది, తరువాత డిప్లొమా అయింది. అక్కడ చదివినవాళ్లలో ఒకడు హైదరాబాదులో రేడియోలో చేరాడు. ఒకమ్మాయి పెద్ద దవాఖానలో డాక్టర్లు చెప్పింది రోగులకూ, రోగులు చెప్పింది డాక్టర్లకూ అర్థమయ్యేలా చెప్పే ఉద్యోగం చేస్తోంది. నాలుగో బ్యాచిలో చదివిన సంధ్యారాణి ఇంకా ముందుకు పోయింది. హైదరాబాదులో కమ్యూనికేషన్‌లోనే పీజీ చేసి, డాక్టరేటు కూడా తెచ్చుకుంది. అక్కడ మంచి ఉద్యోగం వస్తుంటే, హన్నా మేడం ఫోను చేసి బతిమాలితే, మూడేళ్ల కిందట తిరిగొచ్చి ఇక్కడే కాంట్రాక్టు లెక్చరరుగా చేరింది. "నీకు బుద్ధి లేదే" అని వాళ్లమ్మ ఇప్పటికీ అంటుంది. సంధ్యారాణి వాళ్లమ్మ మాటను శ్రద్ధగా తిరిగి ఒప్పజెప్పి, అన్నం తిని కాలేజీకి వచ్చేస్తుంది.

అంతా బాగానే ఉందనుకునే వేళకు యూనివర్సిటీ నుంచి ఉత్తరం వచ్చింది. వచ్చే జూను నుంచి డిప్లొమాలు రద్దు. డిపార్టుమెంటు ఉండాలంటే మూడేళ్ల డిగ్రీ కోర్సుగా మారాలి. దానికి అర్హత ఉందో లేదో చూడడానికి గురువారం ఇద్దరు సభ్యుల కమిటీ వస్తుంది. వాళ్లు ఊ అంటే సరి. కాదంటే ఈ బ్యాచితో గదికి తాళం.

"కంప్యూటరోళ్లు ఆ గది మీద ఎప్పటి సందో కన్నేసిన్రమ్మా. నేను ఎంతకాలమని ఆపాలె?" అన్నారు గిడియోన్ గారు దిగులుగా.

 హన్నా మేడానికి పెళ్లి లేదు, పిల్లలు లేరు. అందుకు ఏనాడూ విచారించలేదు కూడా. ఏడాదికో గంపెడు మంది పిల్లలు ఆ గదిలోకి వస్తుంటే ఇంకేం కావాలి? కానీ ఆ గదే లేకపోతే? మూడు రోజులు ఆమెకు ముద్ద దిగలేదు. గది కడిగించింది. గోడలకు సున్నం వేయించింది. పిల్లలకు బట్టలు ఇస్త్రీ చేసుకు రమ్మని చెప్పింది. జుట్టు దువ్వుకు రమ్మని, చెప్పులు వరసగా విడవమని, పెద్దలొస్తే లేచి నిలబడమని చెప్పింది. ఒక్క మాట మాత్రం చెప్పలేదు. చెప్పాలని తట్టనే లేదు. ఊపిరి పీల్చుకోవడం గురించి పిల్లలకు ఎవరైనా ప్రత్యేకంగా చెబుతారా?

గురువారం పదింటికి కారు దిగారు. కమిటీ పెద్ద రఘుపతి గారు, పొడుగాటి మనిషి, ముక్కు మీదే కోపం. రెండో సభ్యురాలు రమ గారు కళ్లద్దాల వెనక నుంచి అన్నీ చూస్తూ, ఎక్కువ మాట్లాడని మనిషి. హైదరాబాదు నుంచి దారంతా ఏసీ చలిగాలి తిని వచ్చి, ఖనిలో ఒక్కసారిగా ఎండలోకి దిగేసరికి ఇద్దరి మొహాలూ అంత ప్రసన్నంగా ఏమీ లేవు.

రఘుపతి గారు గదిలోకి వచ్చి నాలుగు గోడలూ చూశారు. స్టూడియో లేదు. ల్యాబ్ లేదు. రెండు మైకులు, ఒక పాత కంప్యూటరు, వరసగా ఇరవై రెండు మంది పిల్లలు. మొదటి బెంచీలో ఉన్న రుత్విక్‌ను లేపారు.

"ఏం బాబూ, కమ్యూనికేషన్ చదువుతున్నామంటున్నారు, మీకు స్టూడియో ఎందుకు లేదు?"

రుత్విక్ చేతులు కట్టుకుని, ఎంతో వినయంగా, "సార్, మీరు అడిగింది: కమ్యూనికేషన్ చదువుతున్న మాకు స్టూడియో ఎందుకు లేదు అని. అంతేనా సార్?" అన్నాడు.

రఘుపతి గారు కనుబొమలు ముడిచారు. "ప్రశ్న అడిగితే జవాబు చెప్పాలి. మళ్లీ ప్రశ్నే నాకు చెబుతావేంటి?"

"నేను జవాబు చెప్పకుండ ప్రశ్ననే మళ్ల చెప్తున్నని మీకు కోపమొచ్చింది. అంతేనా సార్?"

"ఏయ్! ఏంటిది, ఎకసెక్కాలా?"

"నేను మిమ్మల్ని ఎకసెక్కం చేస్తున్న అని మీరు..."

"రుత్విక్!" అని అరిచింది హన్నా మేడం.  ఆ పిల్లవాడి తప్పేముంది? రెండేళ్లుగా తను నేర్పిన పాఠం పొల్లు పోకుండా ఒప్పజెబుతున్నాడు. ‘అంతే’ అనని మనిషిని వాడు మొదటిసారి చూస్తున్నాడు. పాపం, వాడి మొహంలో నవ్వు లేదు. వెనకనున్న ఇరవై ఒక్క మంది మొహాల్లోనూ లేదు. ఈ సారు ‘అంతే’ అని ఎప్పుడంటాడా అని అందరూ ఆత్రంగా చూస్తున్నారు. అదే రఘుపతి గారికి ఇంకా ఒళ్లు మండించింది.

హన్నా మేడం దండం పెట్టినంత పని చేసి, తండ్రి సంగతి, షిఫ్టు మార్పు సంగతి, సూత్రం సంగతి గబగబా చెప్పింది. రఘుపతి గారు ఒక చెవితో విని, ఫైలు తెరిచి, ‘ల్యాబ్ లేదు, స్టూడియో లేదు, విద్యార్థుల ప్రవర్తన...’ అని రాసుకోవడం మొదలుపెట్టారు. రమ గారు కిటికీ వైపు తిరిగి నిలబడ్డారు. ఆవిడ భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నారో నవ్వుతున్నారో హన్నా మేడానికి తెలియలేదు. అయిపోయింది అనుకుంది. పంతొమ్మిదేళ్ల కష్టం ఒక్క పేజీలో అయిపోయింది.

సరిగ్గా అప్పుడే బయట గేటు దగ్గర నుంచి ఒక గొంతు వినిపించింది. వెంటనే దాన్ని మించిన ఇంకో గొంతు. హన్నా మేడం గుమ్మం వైపు గబగబా నడిచింది. గురువారం! పదకొండు గంటలు!

ప్రతి గురువారం పదకొండింటికి ఆ గదిలో బల్ల వేస్తారు. కాలనీల్లో ఎవరికి ఎవరితో మాట పడకపోయినా అక్కడికి రావచ్చు. అన్నదమ్ములు వస్తారు, అత్తాకోడళ్లు వస్తారు, పంపు దగ్గర కొట్లాడుకున్న ఇరుగుపొరుగులు వస్తారు. తీర్పు చెప్పేవాళ్లు ఉండరు. ఒకరి మాట ఒకరు తిరిగి చెప్పుకునేలా పిల్లలు కూర్చోబెడతారు, అంతే. కమిటీ గొడవలో పడి ఈ వారం బల్ల లేదని చెప్పి పంపాలన్న సంగతే ఆమె మరిచిపోయింది.

వచ్చినవాళ్లు సదయ్య, సమ్మవ్వ. ఏడాది కిందట రిటైరైన బొగ్గుబాయి కార్మికుడు, ఆయన భార్య. హన్నా మేడం గుమ్మం దగ్గరే ఆపి, "ఇయ్యాల వద్దు కాకా, పట్నంకెల్లి పెద్దసార్లొచ్చిన్రు. రేపు రాండ్రి" అని బతిమాలింది.

"రేపటిదాంక ఈమెతోని ఎట్ల ఏగాలె బిడ్డా?" అన్నాడు సదయ్య. ఆయన మామూలుగానే అన్నాడు. ప్రిన్సిపాలు గదిలో వాళ్లకు కూడా వినిపించింది.

"ఎవరు వీళ్లు?" అన్నారు రఘుపతి గారు.

 వెనక నుంచి సంధ్యారాణి ముందుకొచ్చింది. "ల్యాబ్ లేదని రాసుకున్నరు గద సార్. వీళ్లే మా ల్యాబు. కూసోండ్రి, చూద్దురు" అంది. అని, వాళ్లిద్దర్నీ తీసుకొచ్చి బల్లకు చెరోవైపు కూర్చోబెట్టి, తను మధ్యలో కూర్చుంది. రఘుపతి గారు ఏదో అనబోయారు. అప్పటికే రమ గారు కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"ముందు ఎవలు చెప్తరు?"

"ఇంకెవలు, నేనే," అన్నాడు సదయ్య. "రిటైరైన, క్వార్టరు ఖాళీ చెయ్యాలె. పెద్దపల్లి పక్కకు మా ఊర్ల ఇల్లున్నది, ఎకరంన్నర పొలమున్నది. పోదాం పా అంటే ఈమె కదలది. దర్వాజ పట్టుకొని కూసున్నది."

"అవ్వా, కాక ఏమన్నడు?"

"క్వార్టరు ఖాళీ చెయ్యాలె, ఊరికి పోవాలె, నేను మొండిదాన్ని."

"మొండిదానివని నేననలే!"

"అనలే. అనుకున్నవ్."

పిల్లలు కిసుక్కున నవ్వారు. సంధ్యారాణి నవ్వలేదు. "అనుకున్నది ఇడిసిపెట్టు అవ్వా, అన్నదే చెప్పు." సమ్మవ్వ మళ్లీ చెప్పింది. సదయ్య ‘అంతే’ అన్నాడు. "ఇగ నీ వంతు అవ్వా."

"నేను రాను," అంది సమ్మవ్వ.

"కాకా, అవ్వ ఏమన్నది?"

"ఏమంటది? ఈమెకు మా అన్నదమ్ములంటే పడదు. అందుకే రానంటున్నది."

"అగో! ఇన్నవా బిడ్డా! నలబై ఏండ్ల సంది గిదే కథ. నేనొకటంటే ఈయన ఇంకోటి కడుతడు. నీ అన్నదమ్ముల పేరెత్తిననా నేను?"

"‘అంతే’ కాదన్నమాట. అవ్వా, జర ఇడమర్చి చెప్పు. కాకా, నువ్వు జవాబు ఏం చెప్పాలె అని సోంచాయించకు. ఉత్తగ విను."

సమ్మవ్వ చీర కొంగు వేలికి చుట్టుకుంటూ బల్ల వైపే చూసింది. ఆ ఊళ్లో అరవకుండా మాట్లాడే గొంతు అరుదు. అప్పుడు వినిపించింది.

"నువ్వు బాయిల దిగినప్పటి సంది, ఇంటికి వచ్చే యాళ్లకు గంట ఎక్కువైతే నా పానం పోయేది. పక్కింటి సారలమ్మ వచ్చి నా పక్కకు కూసునేది. ఏం మాట్లాడకపోయేది. ఉత్తగ కూసునేది. ఆమె పెనిమిటి రాకుంటే నేను పోయి కూసునేదాన్ని. మీ ఊర్ల నా పక్కకు గట్ల ఎవలు కూసుంటరు?"

"ఇప్పుడు నేను బాయికి పోతలేను గదనే! ఇంట్లనే ఉంటున్న. ఇగ భయమేంది?"

"నీ డ్యూటీ దిగింది. నాది ఇంకా దిగలే. నువ్వు చాయ్ తాగనీకి అడ్డ మీదికి పోయి జరసేపు రాకుంటే, ఇప్పటికీ నా కాళ్లల్ల వణుకు పుడతది."

 హన్నా మేడానికి కళ్లు చెమర్చాయి. ఆగలేకపోయింది. "అంటే కాకా, అవ్వ చెప్పేదేందంటే..."

"మేడం," అంది సంధ్యారాణి తల తిప్పకుండానే. "మీ వంతు రాలే."

హన్నా మేడం నోరు టక్కున మూసుకుంది. ఆ గదిలో ఆమెను ఆ మాట అన్నవాళ్లు ఇంతవరకూ లేరు.

 సదయ్య ఒక్కో మాటా కూడగట్టుకుంటూ చెప్పాడు. "ఈమెకు... మా అన్నదమ్ముల మీద కోపం కాదు. నేను బాయిల ఉన్నన్నొద్దులు ఈమె పైన కూసుండి భయపడ్డది. ముప్పై నాలుగేండ్లు. ఇంకా గా భయం పోలే. అదేందో ఎరుకైనోళ్లు ఈడనే ఉన్నరు. ఊర్ల లేరు." ఆగి, భార్య మొహంలోకి చూశాడు. "అంతేనా?"

"అంతే," అంది సమ్మవ్వ. కొంగు కళ్లకు అడ్డం పెట్టుకుంది.

"ఒక్కనాడు చెప్పకపోతివి గదనే."

"ఒక్కనాడు అడగకపోతివి."

"ఇప్పుడు నీ వంతు కాకా," అంది సంధ్యారాణి మెల్లగా.

"నా వంతేమున్నది బిడ్డా? సారలమ్మోళ్లు ఈడ దగ్గర్నే నస్పూర్ల ఇల్లు కట్టుకున్నరు. వాళ్ల పక్కకు ఒక అర్ర కిరాయికి దొరకదా? పొలం కౌలుకిస్త. పా పోదాం, జల్ది పోతే ఇయ్యాలనే అడిగొద్దాం." లేచి, భార్య చెప్పులు కాలితోనే ఆమె ముందుకు జరిపాడు. పోతూ పోతూ రఘుపతి గారికి దండం పెట్టి, "మీకెవలితోని పంచాది సార్?" అని పరామర్శగా అడిగి మరీ వెళ్లాడు.

రఘుపతి గారు పెన్ను మూత పెట్టుకుని కూర్చున్నారు. ఏమీ రాయలేదు. రమ గారు కళ్లద్దాలు తుడుచుకుని, ఉన్నట్టుండి సంధ్యారాణి పక్కన సమ్మవ్వ ఖాళీ చేసిన కుర్చీలో వచ్చి కూర్చున్నారు.

"రఘుపతి గారూ, మీరూ ఇటు రండి. పొద్దుట్నుంచి కారులో నేను మీకు ఒక మాట చెబుతూ వచ్చాను. అదేమిటో చెప్పండి చూద్దాం."

"భలేవారే మేడం, ఇక్కడా?"

"ఇక్కడే."

ఇరవై రెండు మంది పిల్లలు మెడలు సాచారు. రఘుపతి గారు నుదురు రుద్దుకున్నారు. చాలా ఆలోచించారు. "మీరు... ఏసీ తగ్గించమన్నారు."

ఇక ఎవరు ఆపగలరు? గది పైకప్పు ఎగిరిపోయేలా నవ్వారు. గుమ్మంలో నిలబడ్డ గిడియోన్ గారు తలుపు పట్టుకుని నవ్వారు. రమ గారు మాత్రం తల అడ్డంగా ఊపారు. "‘అంతే’ కాదు. మళ్లీ వినండి. గదులూ సామానూ లెక్కపెట్టి రావడానికి మనం అక్కర్లేదు, గుమాస్తా చాలు. పిల్లలకు ఏం వచ్చిందో చూద్దాం అన్నాను. నాలుగు కాలేజీలుగా ఇదే అంటున్నాను."

రఘుపతి గారు కోపం తెచ్చుకోవడానికి ప్రయత్నించారు, రాలేదు. "మీరన్నది: సామాను కాదు, పిల్లలకు వచ్చిందేమిటో చూడాలి అని. అంతేనా?" అన్నారు. "అంతే" అన్నారు రమ గారు. అప్పుడాయన రుత్విక్‌ను మళ్లీ లేపి, "ఏదీ, ఇందాక అడిగినదానికి నీ జవాబు చెప్పు" అన్నారు. "స్టూడియో ఉంటే మంచిదే సార్, కావాలె" అన్నాడు రుత్విక్. "కాని అది వచ్చేదాంక వినుడు ఆపం గద."

మధ్యాహ్నం భోజనాలయ్యాక గిడియోన్ గారి గదిలో తలుపు వేసుకుని కూర్చున్నారు. రఘుపతి గారు గొంతు సవరించుకున్నారు. హన్నా మేడం చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"డిగ్రీ కోర్సుకు మేం సిఫారసు చేస్తున్నాం. స్టూడియోకు రెండేళ్లు గడువు. కానీ ఒక నిబంధన ఉంది, అది మా చేతుల్లో లేదు. డిగ్రీ డిపార్టుమెంటుకు హెడ్‌గా ఉండేవాళ్లకు అదే సబ్జెక్టులో పీజీ, డాక్టరేటు ఉండాలి. మీ చదువు తెలుగు. సంధ్యారాణి గారికి రెండూ ఉన్నాయి. ఆమెను పర్మనెంటు చేసి హెడ్‌ను చెయ్యాలి. మీరు ఆమె కింద పనిచెయ్యాల్సి ఉంటుంది."

"సార్!" అని లేచారు గిడియోన్ గారు. "ఈమె లేకుంటే ఆ డిపార్టుమెంటే లేదు సార్! ఇదెక్కడి న్యాయం?"

హన్నా మేడం చెయ్యెత్తి ఆయన్ను ఆపింది. బాధ కలగలేదా అంటే కలిగింది. అబద్ధమెందుకు? విరిగిన బెంచీలకు మేకులు కొట్టుకుంది తను. గుమ్మంలో నిలబడి తిట్టినవాళ్లకు మంచినీళ్లిచ్చింది తను. తన గదిలో, తన విద్యార్థిని కింద, తను.  అయినా నెమ్మదిగా చెప్పింది.

"మీరన్నది: డిపార్టుమెంటు ఉంటది. దాని మీద నేను ఉండను. అంతేనా సార్?"

రఘుపతి గారు తల దించుకున్నారు. "అంతే మేడం."

ఆ రెండు ముక్కలూ తన నోటితోనే అన్నాక, మొదటి ముక్క ఎంత పెద్దదో, రెండోది ఎంత చిన్నదో ఆమెకు తెలిసొచ్చింది. మూడు రోజులుగా దేవుణ్ణి అడిగింది మొదటిది. రెండోదాని గురించి అసలు అడగనే లేదు. "నా మాట ఇగో," అంది. "సంతకం ఎక్కడ పెట్టాలె?"

కారు వెళ్లిపోయాక సంధ్యారాణి గది మూలన నిలబడి వెక్కివెక్కి ఏడ్చింది. "నేను ఆ కుర్చీల కూసోను మేడం. నన్ను సంపినా కూసోను."

"కూసుంటవ్. పొద్దుగాల నా నోరు మూపిచ్చినప్పుడు లేదా ఈ ఏడుపు?" హన్నా మేడం ఆమె భుజాలు పట్టుకుని కుర్చీలో కుదేసింది. తాళంచెవులు, హాజరు పుస్తకం, ఎవరెవరి పిల్లలు ఏ ఇబ్బందిలో ఉన్నారో రాసుకున్న నోటుబుక్కు, అన్నీ బల్ల మీద పెట్టి ఒక్కొక్కటీ చెప్పింది. సంధ్యారాణి ముక్కు తుడుచుకుంటూ ఒక్కొక్కటీ తిరిగి చెప్పింది. అయ్యేసరికి సాయంత్రం నాలుగైంది.

అప్పుడు హన్నా మేడం ఒక తెల్లకాగితం తీసుకుని నాలుగు ముక్కలు రాసి, కొత్త హెడ్ ముందు పెట్టింది.

"ఏంది మేడం ఇది?"

"లీవు లెటరు. రేపు, ఎల్లుండి. పంతొమ్మిదేండ్లల్ల ఒక్కనాడు పెట్టలే. పెడితే డిపార్టుమెంటు ఏమైతదో అని భయం. ఇప్పుడు ఫికర్ లేదు గద. నిద్రపోవాలె."

సంధ్యారాణి కాగితం రెండుసార్లు చదివింది. హాజరు పుస్తకం తెరిచి వేలితో ఏదో వెతికింది. "మీరన్నది: మీకు రెండు రోజులు సెలవు కావాలె, నిద్రపోవాలె. అంతేనా మేడం?"

"అంతే."

"నా మాట: ఎల్లుండి ఫస్టియరోళ్లకు మీ క్లాసున్నది. పిల్లల క్లాసు పోవద్దు. రేపు ఒక్క రోజే ఇస్త."

హన్నా మేడం ఆ పిల్ల మొహంలోకి చూసింది. కళ్లు ఇంకా ఎర్రగానే ఉన్నాయి, కానీ మాట మార్చుకునేలా లేదు. ఆమె పెన్ను తీసుకుని ‘ఎల్లుండి’ అన్న మాట కొట్టేసింది. ఆ గీత గీస్తుంటే పట్టలేనంత సంతోషం వేసింది ఆమెకు. తను లేకపోయినా ఈ డిపార్టుమెంటు నడుస్తుంది.